ముసలి కండరంలో మూలకణాలు వ్యాయామంతో మేలుకుంటాయా? నడక చాలా, బరువులూ ఎత్తాలా?

గట్టుమీద_గోపి
అమ్మకి 68 ఏళ్లు, బరువు 60 కిలోలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. కుడి మోకాలు నొప్పి. కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాలి. మా ఊళ్లో ఒక క్లినిక్ వాళ్లు "మూలకణాల (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్‌తో పదేళ్ల వయసు తగ్గిస్తాం" అని కరపత్రాలు పంచుతున్నారు, ధర లక్షల్లో. ఇంకోపక్క వాట్సాప్‌లో "రోజూ నలభై నిమిషాలు నడిస్తే మూలకణాలు మళ్లీ పడుచువైపోతాయి" అని వీడియో తిరుగుతోంది. వీటిలో నిజం ఎంత? ఇంట్లో చేయించగలిగింది ఏమిటి? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి.

ఎలుకలచక్రం
వీడియోలో చెప్పినదానికి దగ్గరగా ఉన్న పని ఒకటుంది. స్టాన్‌ఫర్డ్‌లో థామస్ రాండో బృందం 2020లో ప్రచురించింది. 20 నెలల ఎలుకలు తీసుకున్నారు, మన లెక్కన అరవై దాటినవాళ్లనుకోండి. బోనులో తిరిగే చక్రం పెట్టి వదిలేశారు, పరిగెత్తమని ఎవరూ తరమలేదు. ముసలివి రాత్రికి సుమారు 5 కిలోమీటర్లు, పడుచువి 10 కిలోమీటర్ల దాకా పరిగెత్తాయి. పోలిక కోసం మరికొన్నిటికి తిరగకుండా బిగించిన చక్రం పెట్టారు. మూడు వారాలయ్యాక కండరానికి గాయం చేసి ఎలా మానుతుందో చూశారు. పరిగెత్తిన ముసలి ఎలుకల్లో త్వరగా మానింది. పడుచు ఎలుకల్లో పెద్ద తేడా లేదు, వాటికి ముందునుంచే బాగుంది కదా.

లోపల జరిగింది ఇది. సైక్లిన్ డీ1 అనే ప్రోటీన్ ఉంటేనే కణం నిద్రలోంచి లేచి విభజనకి దిగుతుంది. వయసుతో అది తగ్గిపోతుంది. పరుగు దాన్ని తిరిగి పెంచింది. అది పెరిగాక, కణాన్ని అణచిపెట్టే టీజీఎఫ్-బీటా సంకేతం తగ్గింది. ఇంకో సంగతి, పరిగెత్తిన ముసలి ఎలుకల రక్తంలోని ద్రవభాగాన్ని, అంటే ప్లాస్మాని, పరిగెత్తని ముసలి ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ కొంత మేలు కనిపించింది.

వీడియోవాళ్లు వదిలేసింది: పరుగు ఆపాక ఆ మేలు ఎంతోకాలం నిలవలేదు. ఇంకోటి, అది ఎలుక.

నిద్రాణకణం
మూలకణం అనగానే ఒంట్లో ఎక్కడో తేలుతూ ఉంటుందనుకుంటారు చాలామంది. కండరపు మూలకణం ఉండే చోటు ఇది: కండరపు పోగు పొడుగ్గా, వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దానిమీద పలచటి తొడుగు. పోగుకీ తొడుగుకీ మధ్య సందులో, దిండుకీ గలీబుకీ మధ్య ఇరుక్కున్న చింతగింజలా పడుకుని ఉంటుంది. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తూ దీన్ని పట్టుకున్నాడు. పోగుని ఉపగ్రహంలా అంటిపెట్టుకుని ఉంది కాబట్టి శాటిలైట్ సెల్ అని పేరు. ప్యాక్స్7 అనే ప్రోటీన్ దీని ఆనవాలు.

బరువు పడి పోగు కాస్త దెబ్బతింటే హెచ్‌జీఎఫ్ లాంటి సంకేతాలు విడుదలవుతాయి, కణం లేస్తుంది, విభజన చెందుతుంది. పుట్టిన కణాల్లో కొన్ని పోగులో కలిసిపోతాయి. కొన్ని వెనక్కి వెళ్లి మళ్లీ పడుకుంటాయి. ఈ వెనక్కి వెళ్లేవి లేకపోతే నిల్వ కరిగిపోతుంది, అందుకే నిద్ర కూడా పనే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జ్యోత్స్నా ధవన్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది సరిగ్గా ఈ నిద్ర మీదే: విభజన ఆపి, అలాగని చావకుండా, పిలిస్తే లేచేట్టు ఒక కణం ఎలా ఉండగలదు అని.

మనుషుల్లో గట్టి వ్యాయామం తర్వాత ఈ కణాల సంఖ్య దాదాపు 72 గంటలకి గరిష్ఠంగా ఉంటుంది. అదే కండరానికి రోజూ బరువు పెట్టొద్దనడానికి ఇదొక కారణం.

ఓరుగల్లు_రన్నర్
గట్లయితే పొద్దున పూట నడిస్తే అయిపాయె కదా. ఎలుక ఉరికింది, మనం నడుస్తం. బరువుల లొల్లి ఎందుకు మళ్ల?

సత్తుపల్లి_ఫిజియో
@ఓరుగల్లు_రన్నర్ అక్కడే తేడా వస్తుందండీ. మన కండరాల్లో నెమ్మది పోగులు, వేగం పోగులు అని రెండు ప్రధాన రకాలు. నడకకి నెమ్మది పోగులే చాలు, వేగం పోగులు పెద్దగా పనిలోకి రావు. కుర్చీలోంచి లేవడం, జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడం, మెట్టు మీద ఒంటికాలితో ఒంటి బరువు మొయ్యడం, వీటికి వేగం పోగులే దిక్కు. వయసుతో ముందుగా సన్నబడేవి అవే, మూలకణాలు ఎక్కువగా తగ్గేదీ వాటి చుట్టూనే.

నెదర్లాండ్స్‌లో వెర్డైక్ బృందం 2009లో చూపింది ఇదే. డెబ్బై దాటిన మగవాళ్లకి వారానికి మూడు రోజులు, 12 వారాలు కాళ్లకి బరువుల సాధన చేయించి, ముందూ వెనకా తొడ కండరంలోంచి చిన్న ముక్క తీసి చూశారు. వేగం పోగులు లావయ్యాయి, వాటిని అంటుకుని ఉన్న మూలకణాల సంఖ్యా పెరిగింది.

నడక మానమని కాదు. ఆవిడ కష్టం కుర్చీ దగ్గర ఉంది. నడక ఒక్కటే ఆ కష్టాన్ని తీర్చదు.

వాదనలబావ
ఒక్క నిమిషం. అందరూ మూలకణాలకి మరీ ఎక్కువ మార్కులు వేస్తున్నారు. 2011లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎలుకల కండరాల్లోంచి ఈ కణాల్ని దాదాపు పూర్తిగా తీసేసి కండరం మీద బరువు పెట్టారు. అయినా పోగులు లావయ్యాయి. 2015లో అదే విశ్వవిద్యాలయం నుంచి ఇంకోటి: పడుచు వయసులోనే ఈ కణాల్ని తీసేసి ఎలుకల్ని ముసలితనం దాకా పెంచితే, కండరం కరగడం మామూలు ఎలుకల కంటే ఎక్కువేమీ కాలేదు. మరి ముసలితనపు బలహీనతకి మూలకణాలే కారణమని ఎలా అంటాం?

ఎలుకలచక్రం
@వాదనలబావ గారు చెప్పిన రెండూ నిజమే, వీడియోలవాళ్లు వీటిని ఎప్పుడూ చెప్పరు. ఆ 2015 పనిలోనే ఇంకో ఫలితం ఉంది: కణాలు లేని కండరంలో పోగుల మధ్య పీచు ఎక్కువగా పేరుకుంది. పైగా కణాలు లేకపోతే లావు కూడా పెరగదని 2016లో నార్వే బృందం వాదించింది. ఆ గొడవ ఇంకా తెగలేదు. గొడవ లేని చోటు ఒకటుంది. కండరానికి నిజంగా గాయమైతే ఈ కణాలు లేకుండా అది బాగుపడదు. ఆపరేషన్, పడిపోవడం, వారాల తరబడి మంచం, ఇవన్నీ ముసలి వయసులోనే కదా ఎక్కువ. అప్పుడు కోలుకునే సత్తువ ఈ నిల్వ మీద ఆధారపడుతుంది.

వాదనలబావ
అలా అంటే ఒప్పుకుంటా. "లావుకి కాదు, బాగుచేతకి" అని రాసి ఉంటే అడ్డు చెప్పేవాణ్ణి కాదు.

గట్టుమీద_గోపి
68 ఏళ్ల ఆవిడ చేత బరువులా? ఏమన్నా పట్టేస్తే?

సత్తుపల్లి_ఫిజియో
1990లో బోస్టన్‌లో ఫియాటరోన్ బృందం 90 ఏళ్ల వయసువాళ్ల చేత 8 వారాలు కాళ్లకి గట్టి బరువుల సాధన చేయించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. మీ అమ్మగారు వాళ్ల కంటే ఇరవై ఏళ్లు చిన్న.

ముందు కొలవండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోమనండి, ఫోన్‌లో సమయం పెట్టండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల శక్తి తగ్గినట్టే, ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత అది. చేతిపట్టు కొలిచే పరికరం దొరికితే ఆడవాళ్లకి 18 కిలోలు, మగవాళ్లకి 28 కిలోలు, అంతకంటే తక్కువైతే తక్కువే.

తర్వాత సాధన. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు వదిలి.

కుర్చీ: చెక్కదో ఇనుపదో, సీటు నేల నుంచి 43-45 సెంటీమీటర్లు ఉండాలి. వెనకభాగం గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గచ్చు మీద జారుతుంది. సీటు ముందు సగంలో కూర్చోవాలి. మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాగి, పాదాల మధ్య జానెడు దూరం. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, గాలి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ దిగాలి. చాలామంది దభీమని కూలబడతారు. అలా కూలబడితే దిగేటప్పుడు కండరానికి దక్కాల్సిన పని దక్కదు, ఆ దెబ్బ నడుముకి తగులుతుంది.

8 నుంచి 12 సార్లు ఒక విడత, మూడు విడతలు, మధ్యలో 2 నిమిషాలు విశ్రాంతి. విడత అయ్యేసరికి "ఇంకో రెండు చేయగలను" అనిపించాలి. ఇంకో పది చేయగలను అనిపిస్తే బరువు చాలనట్టు. మూడు విడతల్లోనూ 12 చొప్పున వరసగా రెండు రోజులు తేలిగ్గా చేశారంటే, గుడ్డసంచిలో 2 కిలోల బియ్యం పోసి గుండెలకి హత్తుకుని మళ్లీ 8తో మొదలుపెట్టండి. అక్కడినుంచి కిలో చొప్పున. బరువూ సంఖ్యా ఒకే రోజు పెంచొద్దు.

దీంతోపాటు వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం 12-15 సార్లు, 15 సెంటీమీటర్ల మెట్టు మీద ఒక్కో కాలితో ఎక్కి దిగడం 8 సార్లు, కిటికీ ఊచకి రబ్బరు పట్టీ కట్టి మోచేతులు వెనక్కి లాగడం 12 సార్లు. మొత్తం అరగంట పని.

పప్పుదప్పళం
మోకాలి నొప్పి మాట మర్చిపోయారు.

సత్తుపల్లి_ఫిజియో
నొప్పికి పదికి ఎన్ని మార్కులో ఆవిడనే వెయ్యమనండి. మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలైపోతే కొనసాగించొచ్చు. నాలుగైదు దాటినా, మోకాలు వాచినా, సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి, అప్పుడు మోకాలు తక్కువ వంగుతుంది. లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి ఒరుగుతున్నాయేమో ఎదురుగా నిలబడి చూడండి. ఒరిగితే తొడల చుట్టూ వదులుగా రబ్బరు పట్టీ వేసి "పట్టీని బయటికి నెట్టమ్మా" అనండి, దానంతట అదే సర్దుకుంటుంది.

ఓరుగల్లు_రన్నర్
మరి గుంజీలు తీపియ్యొచ్చా? గోడకుర్చీ?

సత్తుపల్లి_ఫిజియో
మోకాలు అరిగినవాళ్లకి కిందిదాకా గుంజీలు వద్దు. గోడకుర్చీ వెయ్యొచ్చు, కానీ బడిలో వేయించినంత కిందికి కాదు. సగమే దిగి 20 సెకన్లు, శ్వాస బిగబట్టకుండా. బీపీ ఉన్నవాళ్లు శ్వాస బిగబడితే ఒక్కసారిగా పైకి పోతుంది. మాట్లాడిస్తూ చేయించండి, మాట్లాడేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు.

పప్పుదప్పళం
తిండి సంగతి నేను రాస్తా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్. వయసు మళ్లినవాళ్లకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధాప్య పోషణ నిపుణులు అంటారు. అమ్మగారు 60 కిలోలు కాబట్టి 60-72 గ్రాములు.

మన కంచంలో చూడండి. కందిపప్పు మనిషికి 30 గ్రాములు వండితే 6-7 గ్రాములు. గుడ్డు 6. పాలు ఒక గ్లాసు 6-7. పెరుగు 100 గ్రాములకి 3 పైచిలుకు. వేరుశెనగలు గుప్పెడు, అంటే 30 గ్రాములు, 7. ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములు నానబెట్టి వండితే 15. కోడికూర పచ్చి మాంసం 100 గ్రాములకి 20. మన ఇళ్లలో పొద్దున ఇడ్లీ, రాత్రి పెరుగన్నం, ఉన్న ప్రోటీనంతా మధ్యాహ్నమే. ముసలి కండరం కొంచెం కొంచెంకి స్పందించదు, ఒక్కో పూటకి 25 గ్రాముల దరిదాపుల్లో పడాలి. పొద్దున రెండు పెసరట్లు, ఒక గుడ్డు, గ్లాసు పాలు చేస్తే దాదాపు దగ్గరికొస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, క్రియాటినిన్ చూసిన డాక్టర్ చెప్పినంతే.

వాదనలబావ
ప్రోటీన్ పొడి డబ్బా కొనిచ్చేస్తే పోలా?

పప్పుదప్పళం
పోదు. ఫిజియో గారు చెప్పిన ఫియాటరోన్ బృందమే 1994లో వృద్ధాశ్రమంలో 100 మంది మీద చూసింది, సగటు వయసు 87. సాధన చేసినవాళ్ల బలం 113 శాతం పెరిగింది. పోషక పానీయం మాత్రమే తాగి కూర్చున్నవాళ్లకి బలంలో ఏమీ ఒరగలేదు.

మందులకొట్టు_మేడ
మందుల సంగతులు. మెట్‌ఫార్మిన్ మీద 2019లో ఒక ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) ఫలితం వచ్చింది. 65 దాటిన, షుగర్ లేని ఆరోగ్యవంతులు. 14 వారాలు బరువుల సాధన. సగం మందికి రోజుకి 1700 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్, సగం మందికి ఉత్తి మాత్ర. మందు వాడినవాళ్లకి కండరం తక్కువ పెరిగింది.

నొప్పి బిళ్లల మీద ఫలితాలు ఎదురుబొదురుగా ఉన్నాయి. 2018లో పడుచువాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ 8 వారాలు ఇస్తే కండరం పెరుగుదల తగ్గింది. 2011లో పెద్దవాళ్లకి అదే మోతాదు 12 వారాలు ఇస్తే పెరుగుదల ఎక్కువైంది. ముసలి కండరంలో ఎప్పుడూ రాజుకుంటూ ఉండే లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గడం వల్ల కావచ్చు. అలాగని రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీకి చేటు. షుగర్ ఉన్నవాళ్లకి ఆ భయం రెట్టింపు.

సాధన అవ్వగానే ఐస్‌నీళ్ల స్నానం ఇప్పుడు ఫ్యాషన్. 2015లో చూశారు, 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు, 12 వారాలు. కండరం పెరుగుదలా తగ్గింది, మూలకణాల స్పందనా తగ్గింది.

గట్టుమీద_గోపి
అంటే మెట్‌ఫార్మిన్ ఆపేయాలా?

మందులకొట్టు_మేడ
వద్దు! ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. ఆ ట్రయల్‌లో వాళ్లకి షుగర్ లేదు. మీ అమ్మగారికి ఉంది, అదుపు తప్పిన షుగర్ కండరాన్ని అంతకంటే ఎక్కువ తినేస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లకీ సాధనతో బలం వచ్చింది. చూసుకోవాల్సింది ఇంకోటి: షుగర్‌ని మరీ కిందికి దించగలిగే గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉందా? ఉంటే సాధనకి ముందు షుగర్ చూడండి. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తినిపించి మొదలుపెట్టండి. చెమట, చేతుల వణుకు వస్తే ఆపి పంచదార నీళ్లు ఇవ్వండి.

నిద్రాణకణం
నడకని మరీ తక్కువ చేశారు, దాని పక్షాన రెండు మాటలు. రక్తం తయారయ్యే మూలకణాలు ఎముక మూలుగలో ఉంటాయి. వయసుతో, కూర్చుని ఉండే అలవాటుతో అవి వాపు పెంచే తెల్లకణాల్ని ఎక్కువగా వదులుతాయి. 2019లో నారెండార్ఫ్ బృందం ఎలుకల్ని పరిగెత్తిస్తే, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గి ఆ తయారీ నెమ్మదించింది, పరుగు ఆపాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంది. కండరంలో మూలకణాల్ని లేపే వ్యాయామమే మూలుగలో వాటిని నిమ్మళింపజేస్తోంది. "మూలకణాలు పెరుగుతాయి" అని ఒక్క ముక్కలో తేల్చే వీడియోలు తప్పయ్యేది ఇక్కడే.

ఎముకకి అడుగు దెబ్బ కావాలి. మూలుగలో ధమనుల చుట్టూ ఉండే కొన్ని కణాలు ఆ ఒత్తిడిని పీజో1 అనే ద్వారంతో పసిగట్టి ఎముకకణాలుగా మారతాయని శాన్ మారిసన్ బృందం 2021లో ఎలుకల్లో చూపింది. ఈత, సైకిలు గుండెకి మంచివే, ఎముకకి ఆ అడుగు దెబ్బ ఇవ్వవు.

ఓరుగల్లు_రన్నర్
మెదడుకు సుత పనిచేస్తదంటరు?

నిద్రాణకణం
ఎలుకల్లో ఖాయం, 1999లోనే గేజ్ బృందం చూపింది, పరిగెత్తితే హిప్పోక్యాంపస్‌లో, అంటే మెదడులో జ్ఞాపకాలు చూసుకునే భాగంలో, కొత్త న్యూరాన్లు (నాడీకణాలు). మనుషుల్లో పెద్దయ్యాక కొత్త న్యూరాన్లు పుడతాయా అన్నదే తగువు. 2018లో నెల తేడాతో ఒక బృందం లేదంది, ఇంకో బృందం ఉందంది. కానీ 2011లో 120 మంది పెద్దవాళ్లలో, ఏడాది పాటు నడిచినవాళ్లకి హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, సాగుడు వ్యాయామాలు చేసినవాళ్లకి తగ్గింది. పెరిగింది దేనివల్లనైనా, నడిచినవాళ్లకి పెరిగింది.

వాదనలబావ
టెలోమియర్ల సంగతి కూడా కలపండి, క్రోమోజోముల కొసల్ని కాపాడే తొడుగులవి, వయసుతో కురచవుతాయి. 2019లో జర్మనీలో ఆరు నెలలు, వారానికి మూడుసార్లు 45 నిమిషాలు చేయించారు. పరుగు, విడతల పరుగు (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా) చేసినవాళ్ల తెల్లకణాల్లో టెలోమియర్లు పొడవయ్యాయి, బరువులు ఎత్తినవాళ్లలో కాలేదు. ఫిజియో గారికి ఇది రుచించదు గానీ.

సత్తుపల్లి_ఫిజియో
రుచించకపోవడానికేముంది, అందుకే రెండూ చేయమనేది. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులకి తగ్గకుండా బలం, 65 దాటితే మూడు రోజులు నిలకడ సాధన అని డబ్ల్యూహెచ్ఓ 2020లో చెప్పింది. నిలకడ అంటే గోడ పక్కన ఒక పాదం మడమ ఇంకో పాదం బొటనవేలికి తాకేట్టు నిలబడి 30 సెకన్లు.

ఎలుకలచక్రం
@గట్టుమీద_గోపి ఆ ఇంజెక్షన్ సంగతి ఎవరూ రాయలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో మార్గదర్శకాలు ఇచ్చేనాటికి మన దేశంలో ఆమోదం ఉన్న మూలకణ చికిత్స రక్త సంబంధ జబ్బులకి చేసే మూలుగ మార్పిడి మాత్రమే. ఆమోదం లేనివన్నీ నమోదైన ట్రయల్ లోపలే జరగాలి, అందులో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు అని వాటిలో ఉంది. కాబట్టి క్లినిక్‌వాళ్లని సీటీఆర్ఐ (మన దేశపు ట్రయల్స్ చిట్టా) నమోదు సంఖ్య అడగండి. అది లేకపోతే, ఉండి కూడా డబ్బు అడిగితే, లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి. నరంలోకి ఎక్కించిన ఆ కణాల్లో ఎక్కువభాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. 2005లో రాండో ల్యాబ్‌లోనే ముసలి ఎలుకకీ పడుచు ఎలుకకీ రక్తప్రసరణ కలిపితే, ముసలి ఎలుక సొంత మూలకణాలే మళ్లీ పనిలో పడ్డాయి. లోపం కణం కంటే దాని చుట్టూ ఉన్న రక్తంలో ఎక్కువ ఉందన్నమాట. అదే ముసలి ఒంట్లోకి కొత్త కణాలు పోస్తే అవీ అక్కడి మాటే వింటాయి.

గట్టుమీద_గోపి
అందరికీ దండాలు. కరపత్రం చించేశాను. ఇవాళ కొలిచాం. ఐదుసార్లకి 16 సెకన్లు, చివరి రెండుసార్లు చెయ్యి ఆనింది. మోకాలి నొప్పికి నాలుగు మార్కులు వేసింది. గ్లిమిపిరైడ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి, పది రోజులు ఊళ్లో ఉండం, అదీ చెప్పండి.

సత్తుపల్లి_ఫిజియో
చెయ్యి ఆనింది కాబట్టి 16 అని రాసుకోకండి, "చేతి సాయంతో" అని రాసుకోండి. సీటు మీద గట్టి దిండు వేసి 50 సెంటీమీటర్లకి తెండి. మెత్తటి దిండు వద్దు, కూరుకుపోతుంది. రెండు విడతలు, ఆరేసి సార్లు, చేతులు ఆనించకుండా. రెండు వారాలు అంతే. తర్వాత మూడు విడతలు, 8 సార్లు. అప్పుడు దిండు తియ్యండి. బియ్యం సంచి ఇప్పుడే వద్దు. మడమలు ఎత్తడం మొదటిరోజు నుంచే. మెట్టు మూడో వారంలో, గోడ పట్టుకుని, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. పిక్కలు, తొడలు రెండో రోజు పట్టేసినట్టుంటాయి, మూడో రోజుకి తగ్గుతాయి. మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంత తేలిక సాధనతో రాదు గానీ తెలిసి ఉండాలి.

పెళ్లి పది రోజులూ పూర్తిగా వదలొద్దు. 2007లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్ల కండరం సుమారు కిలో పోయింది. పెళ్లింట్లో మంచం పట్టరు, తిరుగుతారు, అంత నష్టం ఉండదు. రెండు రోజులకోసారి ఒక్క విడత, ఏ కుర్చీ దొరికితే ఆ కుర్చీ, గోడకి ఆనించి. తిరిగొచ్చాక ఆపిన చోట కాకుండా ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టండి. నాలుగు వారాలకి మళ్లీ కొలిచి అంకె ఇక్కడ పెట్టండి, దాన్నిబట్టి సంచిలో ఎంత బియ్యం పొయ్యాలో చెబుతా.

పప్పుదప్పళం
పెళ్లి భోజనంలో పప్పు రెండోసారి వేయించుకోమనండి. గుడ్డు దొరకని పది రోజులకి డబ్బాలో వేయించిన పల్లీలు సర్దండి, రోజుకి రెండు గుప్పెళ్లు.